నల్లరేగడి దారుల్లో పాత టర్బో బండి

పైకప్పు వెనుక తలుపు దాకా సాగి, మనుషులతో పాటు సామానుకూ ఒకే గదిలో చోటిచ్చే కారును స్టేషన్ వ్యాగన్ అంటారు. టాటా సంస్థ 1992లో ఎస్టేట్‌నూ, 2004లో ఇండిగో మెరీనానూ తెచ్చినా, డిక్కీ విడిగా కనిపిస్తేనే అది కారని భావించే మన కొనుగోలుదారుల దగ్గర ఆ తరహా నిలదొక్కుకోలేదు. గుంటూరు, ప్రకాశం పత్తి, మిర్చి పల్లెల్లో ఆ లోటును తీర్చినవి 2005లో వచ్చిన ఇన్నోవా, 2012లో వచ్చిన ఎర్టిగా. ఇంటిల్లిపాదినీ తిరుపతికీ, పురుగుమందు డబ్బాలను చేనుకీ ఒకే బండి మోయాలన్న లెక్కకు అవి సరిపోయాయి. మారుతి 2020లో డీజిల్ ఇంజన్లను ఆపివేసినందున, డీజిల్ ఎర్టిగా కావాలనుకునేవారికి సెకండ్ హ్యాండ్ తప్ప మరో దారి లేదు.

ఈ బండ్ల డీజిల్ ఇంజన్లలో టర్బో ఉంటుంది. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నెడుతుంది. గాలి ఎక్కువైనకొద్దీ ఎక్కువ డీజిల్‌ను మండించవచ్చు కనుక చిన్న ఇంజనే పెద్ద బరువును లాగుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటగల ఆ ఇరుసును కాపాడేది పలుచని ఆయిల్ పొర ఒక్కటే. అందువల్ల, వెనక్కి తిప్పడానికి వీలున్న మీటరు మీది కిలోమీటర్ల అంకె కంటే ఆయిల్ మార్పించిన బిల్లులే ఎక్కువ నమ్మదగినవి. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే వెళ్లి స్టార్ట్ చేయించాలి. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నల్లపొగ దట్టంగా వస్తూ లాగుడు తగ్గితే గాలి చాలడం లేదనో, ఇంజెక్టర్లు పాడయ్యాయనో అనుమానించాలి.

ఈ ప్రాంతపు అసలు శత్రువు దుమ్ము. వేసవిలో నల్లరేగడి డొంకల్లో లేచే మట్టి ఎయిర్ ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది. ఫిల్టర్ చిరిగినా, సరిగా కూర్చోకపోయినా ఆ మట్టి నేరుగా టర్బో రెక్కలను అరగదీస్తుంది. కాబట్టి ఫిల్టర్ డబ్బా మూత తీయించి, ఫిల్టర్‌కు అవతలి వైపు గొట్టంలో వేలు పెట్టి చూడాలి. అక్కడ మట్టి తగిలితే బేరం ఆపేయడమే మేలు.

క్లచ్ పరీక్షకు సమతలమైన రోడ్డు చాలదు. కోటప్పకొండ ఘాట్ రోడ్డు వంటి ఎక్కుడులో మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగినట్టే. మిర్చి టిక్కీలు మోసిన బండ్లలో ఇది మామూలే. మార్పించే ఖర్చును ధరలో తగ్గించుకోవచ్చు. రెండో గేరుకు దించేటప్పుడు గరగరమంటే మాత్రం గేర్ బాక్స్ విప్పక తప్పదు. 2005 నాటి ఇన్నోవా ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది. దాన్ని మార్చిన బిల్లు లేకపోతే కొన్న వెంటనే మార్పించుకోవాలి.

హైదరాబాద్‌లో చౌకగా దొరికిన బండికి అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని, ఆంధ్రప్రదేశ్‌లో జీవితకాల పన్ను చెల్లించాలి. బేరానికి ముందే ఆ మొత్తాన్ని ధరకు కలిపి చూసుకోవాలి.