సమ్మెట దెబ్బ, ప్రెస్సు పట్టు

పత్తి తీతలు మొదలైతే గుంటూరు జిల్లా జిన్నింగ్ మిల్లుల్లో దూది కొండల్లా పేరుకుంటుంది. ఆ కొండను ప్రెస్సు కొంచెం కొంచెంగా మింగి, పట్టీలు బిగించిన బేళ్లుగా బయటికి నెడుతుంది. బేలు బరువు 170 కిలోలు. పట్టీ తెగిందా, దూది ఒక్కసారిగా ఉబికి లేస్తుంది.

ఈ ప్రెస్సుకూ ఊళ్లో కొలిమికీ చుట్టరికం ఉందంటే మిల్లు మేస్త్రీ నవ్వుతాడేమో. ఉంది మరి.

తొలకరికి ముందు గొర్రు కర్రులు, గుంటక పాసలు కొలిమికి చేరతాయి. పాత లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి దాగలి మీద పెడతారు. పట్టకారు పట్టినవాడు చిన్న సుత్తితో చోటు చూపిస్తే, ఎదుటివాడు అక్కడ సమ్మెట వేస్తాడు. ఇప్పుడు చాలాచోట్ల ఆ ఎదుటివాడి పని మోటారు సుత్తి చేస్తోంది. సాగగొట్టిన కొద్దీ లోహపు పొరలు పనిముట్టు వాలు వెంట సర్దుకుంటాయి. రాయి తగిలితే పోత ఇనుము పుటుక్కున విరుగుతుంది, కొట్టిన ఉక్కు వంగి ఊరుకుంటుంది.

కానీ 30 అంగుళాల మందమున్న ఓడ ఇరుసును ఎవరు కొట్టగలరు? 1839లో ‘గ్రేట్ బ్రిటన్’ ఓడ కోసం ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఇంజినీరు జేమ్స్ నాస్మిత్ ఆవిరితో లేచే సుత్తి బొమ్మ గీశాడు. తీరా ఓడకు తెడ్డు చక్రాలు మాని ప్రొపెల్లర్ పెట్టడంతో ఆ ఇరుసే అక్కర్లేకపోయింది! బొమ్మను చూసిన ఫ్రెంచివాళ్లు తమ క్రూజో పట్టణంలో ముందుగా సుత్తి కట్టేశారు. 1877 నాటికి అక్కడ 100 టన్నుల సుత్తి పనిచేస్తోంది. ఇలాంటి సుత్తులకు పొగరే కాదు, ఒడుపూ ఉండేది. గాజు గ్లాసులో పెట్టిన కోడిగుడ్డు పెంకును, గ్లాసు చెదరకుండా చిట్లించి చూపేవాళ్లు.

అయినా దెబ్బకో లోపం ఉంది. అది క్షణంలో ముగుస్తుంది, దాని బలం చాలావరకు పైపొరల్లోనే ఖర్చవుతుంది. పెద్ద దిమ్మె నడిమధ్య పోతలో మిగిలిన బోలు ఖాళీలు అలాగే ఉండిపోతాయి. అక్కడికి చేరాలంటే కొట్టకూడదు, నొక్కాలి. నిదానంగా.

ఆ నొక్కే విద్య 1795లో జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన హైడ్రాలిక్ ప్రెస్సుది. చదరపు సెంటీమీటరు పిస్టన్ మీద 10 కిలోల బలం పెడితే, అదే ద్రవం వెయ్యి చదరపు సెంటీమీటర్ల పిస్టన్‌ను 10 టన్నుల బలంతో తోస్తుంది. పెద్దది కదిలే దూరం మాత్రం వెయ్యో వంతే. బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే వద్దే తరవాత నాస్మిత్ పని నేర్చుకున్నాడు. సుత్తీ ప్రెస్సూ ఒకే ఇంటి పిల్లలన్నమాట.

పత్తికి ఈ ప్రెస్సు బాగా కలిసొచ్చింది. దూది తేలిక, ఓడలో ఆక్రమించే చోటేమో ఎక్కువ. ఒకప్పుడు గుంటూరు ప్రాంతంలో పండిన ఎర్రఛాయ పత్తి ‘కొకనాడ’ పేరుతో ఎగుమతయ్యేది. బిగించి కట్టకపోతే ఆ వ్యాపారం గిట్టేదే కాదు.

ఉక్కు వైపు అదే సూత్రం హైదరాబాదులో కనిపిస్తుంది. 1973లో ఏర్పడిన మిధాని సంస్థలో 6000 టన్నుల ఫోర్జ్ ప్రెస్సు ఉంది. రాకెట్లకూ రక్షణ అవసరాలకూ కావలసిన ప్రత్యేక లోహాలు తయారయ్యేది అక్కడే. మరి క్రూజో సుత్తి? అది ఇప్పుడు ఆ ఊరి ముఖద్వారం దగ్గర ప్రదర్శన వస్తువు.

గొర్రు కర్రుకు మాత్రం ప్రెస్సుతో పనిలేదు. బొటనవేలంత మందం, అంతే. సమ్మెట దెబ్బ ఈ వైపు పడితే ఆ వైపు దాకా చేరుతుంది.