మీకు తెలుసా? కోల్మన్‌స్కోప్‌ను ఖాళీ చేయించింది ఇసుక కాదు

నమీబియాలోని లుడరిట్జ్ ఊరికి వెళ్లే సందర్శకులు తప్పక చూసేది పక్కనే ఎడారిలో ఉన్న కోల్మన్‌స్కోప్. గదుల నిండా ఇసుక మేట వేసిన ఇళ్లను చూసి, ఊరిని ఎడారి మింగేసిందనుకుంటారు. ఆధారాలు అలా చెప్పవు. 1908లో రైలు పట్టాల మీది ఇసుక తీస్తున్న జకరయాస్ లెవాలా అనే కార్మికుడికి వజ్రం దొరికింది. ఆ తర్వాత ఆ ఇసుక నడుమే ఆసుపత్రి, ఎక్స్‌రే యంత్రం, ఐసు ఫ్యాక్టరీ, డ్యాన్స్ హాలు వెలిశాయి. తాగునీరు సైతం బయటి నుంచే వచ్చేది. గాలి అప్పుడూ వీచేది. ఇసుక ఎత్తిపోయించడానికి డబ్బుండేది, అంతే. 1928లో దక్షిణాన ఆరెంజ్ నది ముఖద్వారం దగ్గర మరింత గొప్ప నిక్షేపాలు బయటపడ్డాక జనం అటు మళ్లారు. 1956 నాటికి ఊరు పూర్తిగా ఖాళీ.

కళ్లెదుట ఇంత ఇసుక ఉంటే ఎడారికి పాత్రే లేదంటారా అని అడగవచ్చు. ఉంది, కానీ మనుషులు వెళ్లిపోయాకే. ఎడారే కారణమైతే, దాని అంచునే ఉన్న లుడరిట్జ్ కూడా పాడుబడాలి. అక్కడ రేవుంది, చేపల వ్యాపారం ఉంది. జనం ఇప్పటికీ ఉన్నారు.