కారులో రేడియో సెట్ బిగించడం ఎలా? లైసెన్సు నుంచి యాంటెన్నా దాకా

పోయిన ఎపిసోడ్ కింద కామెంట్లలో ఎక్కువ మంది అడిగింది ఒకటే. "అన్నా, బండిలో వైర్‌లెస్ సెట్ పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే ఎంత దూరం వస్తుంది?" అని. ఈ రోజు దాని గురించే మాట్లాడదాం. మా బావగారి బొలెరోలో ఈ మధ్యే ఒక సెట్ బిగించాను కాబట్టి వైర్లు, ఫ్యూజులు, కొలతలు అన్నీ చేత్తో చేసినవే చెబుతాను.

ముందుగా, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండగా ఈ గోల ఎందుకండీ అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్ మాట్లాడాలంటే మధ్యలో టవర్ ఉండాలి, టవర్‌కి కరెంటు ఉండాలి, కరెంటు పోతే బ్యాటరీ, అది అయిపోతే డీజిల్ జనరేటర్, ఆ డీజిల్ పోయడానికి మనిషి రావడానికి రోడ్డు ఉండాలి. మన కోనసీమలో వరద వచ్చినప్పుడు ముందు మునిగేది ఆ రోడ్డే కదా. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. కొబ్బరి చెట్లు వరసగా పడిపోయి, కరెంటు స్తంభాలు, టెలిఫోన్ స్తంభాలు పోయి, పక్క ఊళ్లో ఎవరు బతికున్నారో తెలియని పరిస్థితి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో సెల్ నెట్‌వర్కులు పడిపోయాయి. అప్పుడు హామ్ రేడియో వాళ్లు సెట్లు పట్టుకుని వెళ్లి సమాచారం అందించారు. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షల దగ్గర. లంకల్లో వాళ్లకి అది ఎలాంటి వారమో వేరే చెప్పక్కర్లేదు.

రేడియో సెట్టుకి మధ్యలో టవర్ అక్కర్లేదు. ఈ బండిలో సెట్, ఆ బండిలో సెట్, అంతే. అందుకే ఇది.

ఇప్పుడు లైసెన్సు సంగతి. ఇది విసుగ్గా ఉంటుంది, ఫార్వర్డ్ చేద్దామనిపిస్తుంది. చేయకండి. ఆన్‌లైన్‌లో రెండు వేలకి, మూడు వేలకి దొరికే వాకీటాకీలు చూసి చాలా మంది కొనేస్తున్నారు. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వదిలింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య చిన్న ముక్క. అది కూడా తక్కువ పవర్, ఆమోదం పొందిన సెట్లకే. ఆ రెండు వేల సెట్టు చాలావరకు ఆ కోవలోకి రాదు. అది పోలీసు, విమానాశ్రయం లాంటి వాళ్లు వాడే ఫ్రీక్వెన్సీల పక్కన కూడా తిరుగుతుంది. అసలు సమస్య అదే. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి సెట్లు అమ్ముతున్న ఆన్‌లైన్ సైట్లకి నోటీసులు ఇచ్చింది. సైటు అమ్మింది కాబట్టి వాడొచ్చు అనుకోవడానికి లేదు.

బండిలో గట్టి సెట్ పెట్టి, బయట యాంటెన్నా పెట్టి మాట్లాడాలంటే మామూలు మనిషికి ఉన్న సరైన దారి హామ్ లైసెన్సు, అంటే అమెచ్యూర్ రేడియో. 12 ఏళ్లు నిండితే చాలు, పరీక్ష రాయొచ్చు. టెలికాం శాఖ వాళ్ల సరళ్ సంచార్ పోర్టల్‌లో అప్లై చేయాలి. రెండు గ్రేడులు ఉన్నాయి. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ కోడ్ అక్కర్లేదు, కొంచెం ఎలక్ట్రానిక్స్, కొంచెం రూల్స్ చదివితే సరిపోతుంది. జనరల్ గ్రేడుకి నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ కూడా రావాలి. నాది రెస్ట్రిక్టెడే. ఇంటర్ ఫిజిక్స్‌లో ఓమ్ సూత్రం అర్థమైన వాళ్లకి ఇదేం కొండ కాదండి. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని ఒక సంస్థ ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబురు అందించిన భారతీ ప్రసాద్ గారు ఆ సంస్థ మనిషే. ఆవిడ వెళ్లింది హామ్ ప్రదర్శన కోసం. చేతిలో సెట్ ఉంది, వాడటం వచ్చు, అందుకే పనికొచ్చింది.

లైసెన్సు వచ్చాక దాన్ని పూర్తిగా చదవండి. అందులో మీ స్టేషన్ అడ్రసు, మీకు అనుమతించిన బ్యాండ్లు, వాట్లు ఉంటాయి. బండిలో వాడటానికి మీకు అనుమతి ఉందో లేదో చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

భీమవరం నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "మాకు రొయ్యల చెరువులున్నాయి, వాచ్‌మన్‌తో మాట్లాడుకోవడానికి హామ్ పనికొస్తుందా?" అని. పనికిరాదు తమ్ముడూ. వ్యాపారం పని హామ్ బ్యాండ్ మీద చేయకూడదు. ఏరియేటర్ ఆగిందా, మేత వేశారా అన్నది కూడా వ్యాపారమే. దానికి వేరే లైసెన్సు తీసుకోవాలి.

సరే, బండి దగ్గరికి వద్దాం.

మా బావగారి బండిలో పెట్టింది 25 వాట్ల సెట్. రెండు మీటర్ల బ్యాండ్, అంటే మనకి 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. మైకు బటన్ నొక్కి మాట్లాడేటప్పుడు దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. వినేటప్పుడు అర ఆంపియర్ కూడా ఉండదు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి? అందరూ చేసేది సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చేయడం. 5 వాట్ల చేతి సెట్ చార్జింగ్‌కి అది ఓకే. ఇలాంటి సెట్టుకి వద్దు. ఆ సాకెట్ వైరు సన్నం, గుంతలో పడితే పిన్ను కదులుతుంది, ఆల్టర్నేటర్ కూత కూడా మీ గొంతుతో పాటు అవతలికి వెళ్తుంది. నేరుగా బ్యాటరీ నుంచే లాగండి.

వైరు మందం మీద చాలా మంది కక్కుర్తి పడతారు. చిన్న లెక్క చెబుతాను. బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు కిందకి 4 మీటర్లు అనుకోండి, పోనూ రానూ 8 మీటర్లు. ఒక స్క్వేర్ ఎం.ఎం. వైరు వేస్తే 6 ఆంపియర్ల దగ్గర దారిలోనే దాదాపు 0.9 వోల్టు పోతుంది. నాలుగు స్క్వేర్ వేస్తే 0.2 వోల్టే. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీలో ఉండేదే పన్నెండున్నర లోపు. అందులో 0.9 పోతే 11.5. ఈ సెట్లు చాలావరకు 13.8 వోల్టులకి పదిహేను శాతం అటూ ఇటూ, అంటే 11.7 దాకా తట్టుకునేలా తయారుచేస్తారు. దాని కిందకి వెళ్తే ఏమవుతుంది? వినడం బ్రహ్మాండంగా వినిపిస్తుంది, మీరు బటన్ నొక్కగానే సెట్ ఆగి మళ్లీ ఆన్ అవుతుంది. "సెట్ పాడైందండి" అని షాపు చుట్టూ తిరుగుతారు. పాడైంది సెట్ కాదు, వైరు సన్నం.

ఫ్యూజు. ప్లస్ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. సెట్ దగ్గర కాదు. ఎందుకంటే ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా వైరుని. బానెట్ కింద నుంచి లోపలికి వచ్చే దారిలో ఇనుప రేకు అంచుకి వైరు రాసుకుని తొడుగు ఊడిపోయి బాడీకి తగిలిందనుకోండి, ఫ్యూజు సెట్ దగ్గర ఉంటే దానికసలు తెలియదు. బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ వైరులో పారి మంటే. మా ఊళ్లో ఒక టాక్సీలో మ్యూజిక్ సిస్టం ఇలాగే బిగించారు, ఒక షాపు వాళ్లు, పేరెందుకులెండి. సీటు కాలిన వాసన వచ్చాక గానీ తెలియలేదు. మాది 10 ఆంపియర్ల ఫ్యూజు. రేకులోంచి వైరు వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. దాన్ని పది రూపాయలు అనుకోకండి.

మైనస్ వైరు గురించి ఒక మాట. పాత బళ్లకి బ్యాటరీ మైనస్‌కే తగిలించేవాళ్లు. ఇప్పటి చాలా కార్లలో మైనస్ టెర్మినల్ దగ్గర కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది. అలాంటి బండిలో దాన్ని దాటేసి తగిలిస్తే బండి కంప్యూటర్ లెక్క తప్పుతుంది. బ్యాటరీ మైనస్ కేబుల్ బాడీకి ఎక్కడ బిగించారో చూసి, ఆ బోల్టు దగ్గర పెయింట్ గీకి, థింబుల్ వేసి బిగించండి. మన వైపు ఉప్పుగాలి కదా, పైన కొంచెం గ్రీజు రాయండి, లేకపోతే ఏడాదికే పచ్చగా పూత పడుతుంది.

సెట్ పెట్టే చోటు: ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే దారిలో సెట్టూ వద్దు, వైరూ వద్దు. పక్క స్తంభాల ప్లాస్టిక్ లోపల కూడా ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు, అందులోకి కేబుల్ తోయకండి. ఏసీ గాలి వచ్చే చోట, కాలికి తగలకుండా, అంతే.

ఇక యాంటెన్నా. డబ్బు తక్కువ పడితే సెట్ మీద తగ్గించుకోండి గానీ ఇక్కడ తగ్గించకండి. 145 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు రెండు మీటర్ల పైన కొంచెం. దాంట్లో నాలుగో వంతు, అంటే అర మీటరు కడ్డీ చాలు. కానీ ఆ కడ్డీ సగమే యాంటెన్నా, మిగతా సగం దాని కింద ఉన్న ఇనుప టాపు. అందుకే టాపు మధ్యలో పెట్టాలి. బంపర్‌కి బిగిస్తే చూడ్డానికి జీపు సినిమాలా ఉంటుంది, సిగ్నల్ మాత్రం ఒక వైపుకే పోతుంది. మాగ్నెట్ బేస్ పెడితే టాపుకి రంధ్రం అక్కర్లేదు. కేబుల్‌ని వెనక తలుపు రబ్బరులోంచి తేవచ్చు. లోపలికి వచ్చే ముందు కేబుల్‌ని కిందకి ఒక వంపు తిప్పండి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. వారానికోసారి మాగ్నెట్ ఎత్తి కింద తుడవండి, ఉప్పు తడి చేరితే టాపు తుప్పు పడుతుంది.

బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో చూడాలి. మీరు పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెబుతుంది అది. 1.5 వస్తే 4 శాతమే వెనక్కి, హాయి. 3 వస్తే 25 శాతం వెనక్కి వచ్చి సెట్ వేడెక్కుతుంది. కడ్డీ కాస్త కాస్త కత్తిరించి సరిచేయాలి. కత్తిరించింది అతుక్కోదు, మిల్లీమీటర్లలో పోండి. యాంటెన్నా తగిలించకుండా బటన్ మాత్రం నొక్కకండి, ఎప్పుడూ.

ఎంత దూరం? ఇక్కడ మన డెల్టాకి ప్రత్యేకమైన లెక్క ఉంది. ఈ తరంగాలు చూపు పోయినంత మేర, దానికి కొంచెం అటు, పోతాయి. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు. టాపు మీద యాంటెన్నా రెండు మీటర్ల ఎత్తు, అంటే 5.8. రెండు బళ్లు కాబట్టి 11, 12 కిలోమీటర్లు. ఇది చదును నేల మీద. మన నేల చదునే, కానీ కొబ్బరి తోటలో దిగితే తడి ఆకులు మింగేస్తాయి, అందులో సగం కూడా కష్టం. ఇప్పుడు అదే బండిని ఏటిగట్టు ఎక్కించండి. గట్టు ఆరు మీటర్లు అనుకుంటే యాంటెన్నా ఎనిమిది మీటర్ల ఎత్తున ఉన్నట్టు. అవతలి బండి కిందే ఉన్నా 17 కిలోమీటర్లు. వాట్లు పెంచలేదు, పైసా ఖర్చు లేదు. వరదలో జనం చేరేది కూడా ఆ గట్టు మీదకే కదా. అందుకే బావగారితో ముందే తిరిగి, ఏ రేవు దగ్గర, ఏ తూము దగ్గర గట్టు మీద నుంచి మా ఇంటికి బాగా వినిపిస్తోందో కాగితం మీద రాసుకున్నాం. ఇద్దరికీ లైసెన్సు ఉంది కాబట్టి ఆ పని చేయగలిగాం. పాపికొండల్లో మాత్రం ఈ లెక్క పనిచేయదు, కొండ అడ్డొస్తే అంతే సంగతులు.

సెట్టింగులు సులువు. ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడానికి 145.500 చాలా చోట్ల పిలిచే ఫ్రీక్వెన్సీ. పలకరించి పక్కకి జరగాలి, అక్కడే కబుర్లు పెట్టకూడదు. రిపీటర్ వాడాలంటే దాని ఫ్రీక్వెన్సీ, 600 కిలోహెర్ట్జ్ తేడా ఎటు వైపో, టోన్ ఎంతో మీ దగ్గర్లోని హామ్‌లను అడిగి వేసుకోండి. ప్రతిసారీ కాల్‌సైన్ చెప్పాలి. నడుపుతూ మైకు పట్టుకోకండి. 2019 సవరణ తర్వాత నడుపుతూ చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరాలు వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకి వస్తుంది. బండి పక్కకి ఆపండి, లేదా పక్క సీటులో లైసెన్సు ఉన్న మనిషికి ఇవ్వండి.

వరద రోజు మాట్లాడే తీరు వేరు. ముందు కాగితం మీద రాసుకుని చదవాలి: ఏ ఊరు, ఎంతమంది, ఏం కావాలి, ఎవరికి చెప్పాలి. అవతలి వాళ్లు తిరిగి చదివి వినిపించాలి. "డయాలసిస్ పేషెంట్ ఒకరు, పడవ కావాలి" అన్నది "పేషెంట్లు, పడవలు" అయిపోతే పడవ వేరే లంకకి పోతుంది. ఇంజన్ ఆపి ఉంటే పవర్ తగ్గించే బటన్ నొక్కి 5 వాట్లలో ప్రయత్నించండి, వినిపిస్తే చాలు. తెల్లారేసరికి బండి స్టార్ట్ అవ్వాలి కదా.

చివరి ప్రశ్న, తణుకు నుంచి: "మాది లారీ, డైరెక్టుగా తగిలించొచ్చా?" పెద్ద లారీల్లో 24 వోల్టులు ఉంటాయి. నేరుగా తగిలిస్తే సెట్ కాలిపోతుంది. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 లాగుదాం అని ఎవరైనా చెప్తే వినకండి, ఆ ఒక్క బ్యాటరీ త్వరగా చస్తుంది. 24 నుంచి 12కి మార్చే కన్వర్టర్ కొనండి, 10 ఆంపియర్లది. ట్రాక్టరు చాలావరకు 12 వోల్టులే, కానీ దాని మీద సెట్ వానకి తడుస్తుంది, ఇంకో డబ్బా చేయించాలి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ డబ్బా, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూపిస్తాను. అప్పటిదాకా, హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు చెప్పుకునే మాట: 73.