మీకు తెలుసా? ఆడుతూ నేర్చుకునే కథలాట

కాగితం, పెన్సిల్, పాచికలు, కాస్త ఊహ ఉంటే చాలు, ‘టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్’ ఆట ఆడొచ్చు. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావారు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు.

• ఈ తరహాలో అచ్చయి అమ్మకానికొచ్చిన మొదటి ఆట ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’. అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని 1974లో తెచ్చారు. తొలి ముద్రణ 1,000 ప్రతులే.

• అందులోని మూడు చిన్న పుస్తకాలు యుద్ధక్రీడలు తెలిసినవారి కోసం రాసినవి. వాటిని చదివి ఆట అర్థం చేసుకోవడం కొత్తవారికి కష్టం. ఆట వచ్చినవారి పక్కన కూర్చుని ఆడటమే తేలిక దారి.

• ఇదే ఆటకు 1983లో వచ్చిన ‘ఎర్ర పెట్టె’ ముద్రణ ఆ చిక్కు తీర్చింది. ఫ్రాంక్ మెంట్జర్ అందులో చదివేవారినే యోధుడిగా కథలోకి దించి, ఒంటరిగా ఆడిస్తూనే నియమాలు నేర్పారు.

• ‘ఈ.టీ.’ (1982) సినిమాలో, ‘స్ట్రేంజర్ థింగ్స్’ (2016) సిరీస్‌లో పిల్లలు బల్ల చుట్టూ చేరి ఇలాంటి ఆట ఆడటం చూసి ఆసక్తి పెంచుకున్నవారూ ఉన్నారు.

తొలిసారి ఆడేవారికి నియమాలన్నీ రానక్కర్లేదు. ‘ఇప్పుడు నువ్వేం చేస్తావు?’ అన్న ప్రశ్నకు తోచిన జవాబు చెబితే చాలు.