హర్ఖూఫు సమాధి శాసనము

ఈజిప్టు దేశమున, అస్వాను పట్టణమున కెదురుగా, నైలునది పడమటి యొడ్డున కుబ్బెత్ అల్ హవా యను కొండ కలదు. అందు ఱాతిని దొలిచి నిర్మించిన సమాధులలో నొకటి హర్ఖూఫు అను రాజోద్యోగిది. 1892లో ఇటలీదేశ పండితుఁడగు స్కియాపరెల్లీ దీనిని గనుఁగొనెను. హర్ఖూఫు క్రీ. పూ. 23వ శతాబ్ది ప్రాంతమున ఆఱవ రాజవంశమువారగు మెరెన్‌రే, రెండవ పెపీ యను ప్రభువులను గొలిచెను. దుబాసీలపై నధికారియు, మంత్రపాఠకుఁడగు నర్చకుఁడును.

ఈజిప్టు చిత్రలిపియందు హల్లులే కాని యచ్చులు వ్రాయఁబడవు. కావున నీతని పేరు నేఁ డెట్లుచ్చరించినను అది యూహామాత్రము. అందలి యవయవములు మాత్రము స్పష్టములు: హోరు అను దేవతానామ మొకటి, రక్షణార్థక ధాతు వొకటి.

సమాధి ముఖభాగమున నీతని దక్షిణయాత్రలు చెక్కఁబడినవి. యామ్ అను దేశమునకు మొదట తండ్రి యగు ఇరితోఁ గూడ నరిగి యేడునెలలలో మరలెను. రెండవసారి యెనిమిదినెలలు పట్టెను. మూఁడవ యాత్రలో 300 గాడిదలపై సాంబ్రాణి, నల్లచేవమాను, చిఱుతతోళ్ళు, ఏనుఁగుదంతములు గొనివచ్చెను. యామ్ ఎక్కడిదను వివాద మింకను దీఱలేదు. 2007లో దూరపుటెడారియందలి ఉవైనాత్ కొండకడ యామ్ పేరుగల శాసనము గానఁబడుటచే, అది నైలులోయయందే యుండెనను మతము సంశయాస్పదమయ్యెను.

నాల్గవ యాత్రనుండి హర్ఖూఫు దేవనృత్యము లాడు నొక పొట్టివానిని దెచ్చుచుండెను. మూలమున నున్న 'దెనెగ్' శబ్దమునకు వామనుఁడని కొందఱు, పొట్టిజాతివాఁడని కొందఱు అర్థము చెప్పుదురు. ఈ వార్త విని, రాజ్యమునకు వచ్చిన రెండవయేఁట బాలుఁడగు పెపీ యొక లేఖ పంపెను. వానిని వెంటనే తోడ్తెమ్మనియు, నీటఁ బడకుండ నావపై నమ్మకమగువారిని కావలి యుంచుమనియు, రాత్రి పదిమాఱులు చూచుచుండుమనియు అందుఁ గలదు. పుంట్ దేశపుఁ గానుకలకన్నను వానిఁ జూచుటయే తన కిష్టమని బాలరాజు తెలిపెను.

హర్ఖూఫు ఆ లేఖను ముఖభాగపుఁ గుడికొనయందుఁ జెక్కించెను. మిగిలిన శాసనములలో నీతఁడు తన్నుఁ దాను పొగడుకొన్నాఁడు. ఆఁకలిగొన్నవానికి నన్న మిడితిననియుఁ జెప్పుకొన్నాఁడు. అట్టి మాటలు పెక్కు సమాధులపైఁ గలవు. ఈ లేఖ యన్యుని వాక్యమగుటచేతను, బాలుని యాత్రము దాఁచుకొనఁబడక యుండుటచేతను, ఎక్కువ ప్రమాణమగుచున్నది. మూలపత్రము నశించినను ప్రతి ఱాతిపై నిలిచినది. కాని యింత జాగ్రత్తతోఁ గావఁబడినవాని పేరు మాత్ర మందు లేదు; ఆ శాసనమున నందఱును మాటాడిరి, ఆతఁ డొక్కఁడు తక్క.