ఎవరి మాట వాళ్ల పేరుతోనే: గ్రంథచౌర్యం లేకుండా పరిశోధన రాయడం ఎలా?

జడ్చర్ల మండలం పోలేపల్లి మీద ఒక విద్యార్థి ప్రాజెక్టు రాయాలనుకుంటే చదవడానికి చాలానే దొరుకుతుంది. ఫార్మా సెజ్ కోసం 2000ల తొలి ఏళ్లలో భూములు తీసుకున్నప్పటి పత్రికా వార్తలు, నిజనిర్ధారణ నివేదికలు, 2008 జడ్చర్ల ఉప ఎన్నికలో సెజ్ బాధితులే అభ్యర్థులుగా నిలబడినప్పటి కథనాలు, ఆ తర్వాత వచ్చిన వ్యాసాలు ఉన్నాయి. వీటన్నిటికీ పునాది ఒకటే. భూమి పోయిన దళిత, లంబాడా, బీసీ కుటుంబాలు చెప్పిన మాటలు. ఆ మాటలు విన్నవాళ్లు నివేదిక రాశారు. నివేదిక చదివినవాళ్లు వ్యాసం రాశారు. వ్యాసం చదివినవాళ్లు థీసిస్ రాస్తారు. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పేరు రాలిపోతే, చివరికి చెప్పినామె ఎక్కడా కనబడదు. రాసినాయన పేరే మిగులుతుంది.

గ్రంథచౌర్యం గురించి మాట్లాడేటప్పుడు మనం మొదట పెట్టుకోవాల్సిన ప్రశ్న ఇదే. కాలేజీల్లో దీన్ని ఎక్కువగా సాఫ్ట్‌వేర్ గొడవగా చెబుతారు. 'శాతం తగ్గించుకొని రా' అంటారు. అంతటితో పాఠం అయిపోతుంది. మేము దీన్ని కష్టం ఒకరిది, పేరు ఒకరిది అనే పాత అన్యాయంలో భాగంగానే చూస్తాం. పొలంలో, చర్మకారుడి పనిలో, డప్పులో, పాటలో ఆ అన్యాయాన్ని ఎదిరిస్తున్నవాళ్లం, మన సొంత రాతలో దాన్ని చేయకూడదు.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

విశ్వవిద్యాలయాల్లో గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతరుల రచననో, ఆలోచననో తీసుకుని తనదిగా చూపించుకోవడమే గ్రంథచౌర్యం అన్నది వాటి సారం. థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే సరిచేసి మళ్లీ ఇవ్వాలి. అందుకిచ్చే గడువు ఆరు నెలలు మించదు. 40 దాటి 60 వరకు ఉంటే, సరిచేసిన థీసిస్ ఇవ్వడానికి కూడా ఏడాది పాటు అనుమతి ఉండదు. 60 దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషనే రద్దవుతుంది. డిగ్రీ వచ్చాక తప్పు రుజువైనా ఆ డిగ్రీని నిలుపుదలలో పెట్టవచ్చు.

ఇంట్లో మొదటిసారి పీహెచ్‌డీ గడప తొక్కిన పిల్లకు ఏడాది ఆగడం అంటే ఏమిటో ఈ పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఫెలోషిప్ గడువు అయిపోతుంది. ఇంటి నుంచి పెళ్లి మాటలు మొదలవుతాయి. 'రిజర్వేషన్ వాళ్లు ఇంతే' అని కాచుకొని కూర్చున్న నోళ్లకు పని దొరుకుతుంది. అందుకే ఈ నియమాలు తెలుసుకోవడం మనకు ఆత్మరక్షణ కూడా.

సాఫ్ట్‌వేర్ చూపించే శాతం తీర్పు కాదు. అది అక్షరాల పోలికను మాత్రమే లెక్కిస్తుంది. ఆధారం చూపి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాల పాఠాలు, వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసే మాటలు ఈ లెక్కలోకి రావని నిబంధనలే చెబుతున్నాయి. అట్లాగే శాతం తక్కువ వచ్చిందంటే రాత నిజాయితీగా ఉన్నట్టేమీ కాదు. ఒకరి వాదన మొత్తాన్ని కొత్త మాటల్లో చెప్పి పేరు దాచిపెడితే ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు. అయినా అది చౌర్యమే.

మాటలు మారిస్తే సరిపోదు

ఎక్కువమంది విద్యార్థులు చిక్కుకునేది ఇక్కడే. ఒక ఉదాహరణ చూద్దాం. ఈ వాక్యాలు వివరణ కోసం మేమే కల్పించినవి. ఒక పుస్తకంలో ఇట్లా ఉందనుకోండి:

'పాలమూరు కూలీకి గుంపు మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ పని చోటు విడిచి రాలేడు. కాబట్టి ఈ వలసను పని వెతుక్కుంటూ పోవడం అనలేం, బాకీతో కట్టేసిన పని అనాలి.'

విద్యార్థి ఇట్లా రాస్తాడు: 'మహబూబ్‌నగర్ శ్రామికుడికి మేస్త్రీ ముందస్తుగా సొమ్ము చెల్లిస్తాడు. ఆ రుణం తీరేవరకు శ్రామికుడు పని స్థలం వదలలేడు. అందువల్ల ఈ వలసను ఉపాధి అన్వేషణ అనలేం, రుణబద్ధమైన శ్రమ అనాలి.'

ఒక్కో మాట మారింది. వాక్యాల వరుస, వాదన, ముగింపు అన్నీ అవే. పేరు మాత్రం లేదు. ఇది చౌర్యం. చివర బ్రాకెట్లో పేరు పెట్టినా సరిగా ఉండదు, ఎందుకంటే వాక్యాల అల్లిక మొత్తం అవతలి వాళ్లదే.

ఇప్పుడు ఇట్లా రాస్తే చూడండి: 'పాలమూరు వలసకు అడ్వాన్సే కీలకమని ఫలానా రచయిత వాదిస్తారు (సంవత్సరం, పుట). ముందే తీసుకున్న బాకీ వల్ల పని మానే స్వేచ్ఛ పోతుందన్నది ఆయన వాదన. అయితే మేము మాట్లాడిన కుటుంబాల్లో అడ్వాన్సు తీసుకోకుండా వెళ్లినవాళ్లు కూడా పని మానలేకపోయారు. వాళ్ల విషయంలో ఈ వివరణ సరిపోదు.'

ఇక్కడ అవతలి వాళ్లది ఎంత, మనది ఎంత అన్నది పాఠకుడికి తెలిసిపోతుంది. పేరు చెప్పినందువల్ల మన పని చిన్నది కాలేదు. మనం కొత్తగా చెప్పింది ఏమిటో స్పష్టంగా కనబడింది.

అలవాటు చేసుకోవాల్సిన పద్ధతి చాలా మామూలుది. పేరా చదవండి. పుస్తకం మూసేయండి. ఊర్లో స్నేహితుడికి చెబుతున్నట్టు మీ మాటల్లో రాసుకోండి. తర్వాత పుస్తకం తెరిచి అర్థం సరిగా వచ్చిందా, తెలియకుండా వాళ్ల వాక్యమే దిగిందా చూసుకోండి. రచయిత చెప్పిన తీరే ముఖ్యమైనప్పుడు మాత్రం ఆ మాటల్ని ఉన్నదున్నట్టు కొటేషన్లో పెట్టి, పుట సంఖ్య ఇవ్వండి. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్‌లో థీసిస్ రాయాల్సి వచ్చినవాళ్లు 'వాళ్ల ఇంగ్లిషే బాగుంది కదా' అని అరువు తెచ్చుకుంటుంటారు. చిన్న వాక్యాల్లో మీరే రాయండి. సాదా ఇంగ్లిష్ తప్పు కాదు.

అనువాదం చేసినా అప్పే

తెలుగు వ్యాసంలోని పేరాను ఇంగ్లిష్ చేసి థీసిస్‌లో కలిపేస్తే సాఫ్ట్‌వేర్ గుర్తించకపోవచ్చు. తెలుగులో రాసే దళిత రచయితలకు, చిన్న పత్రికల్లో రాసేవాళ్లకు ఎక్కువ నష్టం జరిగేది ఇట్లాగే. వాళ్ల ఆలోచన ఇంగ్లిష్‌లోకి వెళ్తుంది, పేరు మాత్రం వెళ్లదు. అనువదించి వాడినప్పుడు మూల రచయిత పేరు చెప్పి, 'అనువాదం మాది' అని రాయాలి.

ఒకరి ద్వారా తెలుసుకున్నదాన్ని నేరుగా చదివినట్టు చూపించడం మరో తప్పు. హైదరాబాద్ రాజ్యంలో దళిత ఉద్యమ చరిత్రకు, భాగ్యరెడ్డి వర్మ కాలానికి పెద్ద ఆధారం పి.ఆర్. వెంకటస్వామి 1955లో అచ్చువేసిన 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్'. ఆ ఉద్యమంలో ఉన్న మనిషి తన చేత్తో రాసిన పుస్తకం అది. దాన్ని చూడకుండా, దాన్ని చదివిన మరొకరి వ్యాసం నుంచి విషయం తీసుకుని, ఆధారంగా వెంకటస్వామి పేరు ఒక్కటే వేస్తే రెండు తప్పులు జరుగుతాయి. చదవనిది చదివినట్టు చెప్పాం. మధ్యలో శ్రమపడి చదివిన మనిషిని తీసేశాం. 'వెంకటస్వామి, ఫలానా వారి వ్యాసంలో ఉటంకింపు' అని రాయడంలో చిన్నతనం ఏమీ లేదు. వీలైతే అసలు పుస్తకం తెప్పించుకుని చదవడం ఇంకా మంచిది.

బాబాసాహెబ్ పేరుతో ఫోన్లలో తిరిగే సూక్తుల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి ఆయన రచనలు, ప్రసంగాలను సంపుటాలుగా తెచ్చింది. 'కుల నిర్మూలన' మొదటి సంపుటిలోనే ఉంది. ఆయన మాట వాడదలిస్తే సంపుటి, పుట చూసి వాడండి. దొరకని మాటను ఆయన నోట పెట్టకండి. ఏఐ పరికరాలు ఇచ్చే గ్రంథసూచీల విషయమూ అంతే. లేని పుస్తకాలను, రాయని వ్యాసాలను అవి నమ్మకంగా చూపిస్తాయి. మీరు కళ్లతో చూడని ఆధారం మీ థీసిస్‌లో ఉండకూడదు.

ఆధారం చూపితేనే వాదన నిలుస్తుంది

ఆధారం చూపడం పడమటి దేశాల తంతు అనుకునేవాళ్లకు రెండు ఉదాహరణలు చెప్పవచ్చు. 'కుల నిర్మూలన' 1936లో వచ్చింది. దాని మీద గాంధీ 'హరిజన్'లో విమర్శ రాశారు. 1937లో రెండో ముద్రణ తెచ్చినప్పుడు అంబేడ్కర్ ఆ విమర్శను తన పుస్తకంలోనే అచ్చువేసి, పక్కనే తన జవాబు ఇచ్చారు. ప్రత్యర్థి మాటను కత్తిరించలేదు, వంకర చేయలేదు. పాఠకుడు రెండూ చదివి తేల్చుకోవచ్చు.

రెండోది పాలమూరు గడ్డ మీది నుంచే. సురవరం ప్రతాపరెడ్డి 1949లో తెచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ప్రకరణాల చివర తాను వాడిన ముఖ్యమైన ఆధారాలు చెప్పారు. ఆయన చూపుతో మనకు పేచీలు ఉండవచ్చు. ఆ చరిత్రలో మన వాడలకు దక్కిన చోటు ఎంత అని అడగవచ్చు. కానీ ఆయన ఏ కావ్యం నుంచి ఏ సంగతి తీసుకున్నారో చెప్పారు కాబట్టే మనం ఆ కావ్యాలు తిరిగి తెరిచి, వేరే విధంగా చదవగలం. ఆధారం దాచినవాళ్లతో వాదించడానికి కూడా వీలుండదు.

నోటి మాటకూ యజమాని ఉన్నాడు

మన చరిత్రలో చాలా భాగం పుస్తకాల్లో లేదు. పాటల్లో, కథల్లో, పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఉంది. అకడమిక్ రాతలో ఇవి 'జానపదం', 'స్థానికుల కథనం' అనే రెండు మాటల కింద మాయమవుతాయి. గూడ అంజయ్య రాసిన 'ఊరు మనదిరా' పాటను రాసినవాడి పేరు తెలియకుండానే పాడినవాళ్లు ఎందరో. జనం పాడుకోవడం పాటకు గౌరవం. పరిశోధకుడు పేరు వెతక్కుండా జానపదం అని రాసేయడం మాత్రం బద్ధకం. నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఆయన పేరు అందరికీ తెలిసింది. అవార్డు రాని కళాకారుడు చెప్పిన కథకు కూడా అదే మర్యాద దక్కాలి. పేరు, ఊరు, చెప్పిన తేదీ, వాళ్ల నుంచి తీసుకున్న అనుమతి రాసుకోవాలి.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. పేరు చెబితే ప్రమాదం వచ్చే చోట పేరు చెప్పకూడదు. అట్రాసిటీ కేసులో సాక్షి, జోగిని వ్యవస్థ నుంచి బయటపడిన స్త్రీ, భూమి కోసం ఇంకా కొట్లాడుతున్న కుటుంబం ఏది కోరితే అదే చేయాలి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. ఇట్లాంటి చోట మారుపేరు వాడి, 'గోప్యత కోసం పేరు మార్చాం' అని రాయండి. మాట ఆమెదేనని స్పష్టంగా చెప్పండి. పేరు దాచడం వేరు, మాటను సొంతం చేసుకోవడం వేరు.

అంకెలకూ ఇదే వర్తిస్తుంది. పోలేపల్లిలో ఎన్ని ఎకరాలు, ఎన్ని కుటుంబాలు అని రాసేటప్పుడు ఆ లెక్క ప్రభుత్వ కాగితానిదా, నిజనిర్ధారణ బృందానిదా, పత్రికదా చెప్పండి. ఆధారం లేని అంకె రేపు అధికారి ముందు, కోర్టులో నిలబడదు. నష్టపోయేది ఆ కుటుంబాలే.

ఆరోపణ వస్తే

గ్రంథచౌర్యం ఆరోపణ వస్తే భయపడి సంతకాలు పెట్టకండి. విచారణ మొదట విభాగ స్థాయి కమిటీలో, తర్వాత సంస్థ స్థాయి కమిటీలో జరగాలి. విభాగ కమిటీ సహజ న్యాయ సూత్రాలు పాటించాలని, 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలని 2018 నిబంధనల్లోనే ఉంది. అంటే మీ వాదన వినిపించుకునే హక్కు మీకుంది. శాతం ఒక్కటే కాకుండా పూర్తి సాఫ్ట్‌వేర్ రిపోర్టు అడగండి. ఏ భాగం దేనితో పోలిందో, మినహాయించాల్సినవి మినహాయించారో లేదో వరుసగా చూడండి. మీరు చదివేటప్పుడు రాసుకున్న నోట్సు, పాత డ్రాఫ్టులు, ఇంటర్వ్యూ రికార్డులు అప్పుడు మీకు సాక్ష్యం అవుతాయి. కాబట్టి మొదటి రోజు నుంచే ప్రతి నోట్సు మీద పుస్తకం పేరు, పుట, తేదీ వేసుకోండి. కాపీ చేసుకున్న వాక్యాలను వేరే రంగు సిరాతో రాసుకోండి.

జడ్చర్ల, బాదేపల్లి, మహబూబ్‌నగర్ కాలేజీల్లో స్టడీ ప్రాజెక్టులు రాస్తున్నవాళ్లు, 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయంలో పరిశోధనకు దిగుతున్నవాళ్లు ఈ పద్ధతిని డిగ్రీ రోజుల నుంచే అలవాటు చేసుకోవాలని మా విన్నపం. సంఘాల్లో పనిచేసేవాళ్లూ కరపత్రం కింద, నివేదిక చివర ఎవరి మాటలు, ఎవరి పరిశోధన వాడుకున్నారో రాయాలి. అప్పుడు రేపటి విద్యార్థి మీ కాగితం పట్టుకుని, పోలేపల్లిలో ఆ మాట చెప్పిన మనిషి దాకా వెళ్లగలుగుతాడు.