పాట కట్టేవారు

బోరబండలో కాపురం పెట్టానని చెబితే మిత్రులందరూ అడిగేది ఒకటే: "హైటెక్ సిటీ దగ్గరే కదూ?" అని. దగ్గరే. ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కితే ఒక్క స్టేషను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు అటువైపు అద్దాల మేడలు వరసగా లేచాయి. వాటికి యిసుక మోసినవారు, సెంట్రింగు కొట్టినవారు, యిప్పుడు ఆ మేడల్లో నేల తుడిచేవారు యిటువంటి గల్లీలలో వుంటారు. వారిలో పాలమూరు నుంచి వలస వచ్చినవారు తక్కువేం కాదు. ఆనకట్టలు కట్టడానికి పాలమూరు కూలీలు దేశమంతా తిరిగారన్న మాట పాఠకులు వినే వుంటారు. వచ్చేటప్పుడు వాళ్ళు మూటాముల్లెతోపాటు పాటలు కూడా తెచ్చుకున్నారు. పాటకు చార్జీ లేదు గదా!

ఆ పాలమూరు నుంచే, యిప్పటి నాగర్‌కర్నూలు జిల్లా గౌరారం నుంచి వచ్చిన మనిషి గోరటి వెంకన్నగారు. 1963లో పుట్టారు. తండ్రి నరసింహగారు యక్షగాన కళాకారుడు. యక్షగానమంటే మన పట్నవాసపు పిల్లలకు పాఠ్యపుస్తకంలోని ఒక ప్రక్రియ పేరు. అయిదు మార్కుల ప్రశ్న. తెలంగాణ పల్లెలో అది తెల్లవారుజాము దాకా సాగే బాగోతం. హార్మోనియం, మద్దెల, తాళాలు, మొహాన అర్దళం. చెర్విరాల భాగయ్యగారి యక్షగానాలు కంఠోపాఠంగా వచ్చినవారు అక్షరం ముక్క రానివారిలోనూ వుండేవారు. అటువంటి యింట పుట్టిన పిల్లవాడికి ఛందస్సు ఎవరూ నేర్పనక్కరలేదు. గురువు, లఘువు అని పేర్లు తెలియక ముందే వాటి నడక చెవికి పట్టుబడుతుంది.

వెంకన్నగారు ఆ చెవితోనే తెలుగులో ఎం.ఏ. చదివారు. నాకు ఆశ్చర్యం కలిగించేది యిక్కడే. ఎం.ఏ. చదివితే మనలో చాలామందికి ఊరి మాట పోయి పుస్తకపు మాట వస్తుంది. నా సంగతే చూడండి, కూరలమ్మితో మాట్లాడినా సంధులు విడగొట్టి మాట్లాడతానని మా యింటావిడ నవ్వుతుంది. ఆయన విషయంలో తిరగబడింది. ప్రబంధాలు చదివిన మనిషి వాగుల మీద, సంతల మీద, పిట్టల మీద, చెట్ల మీద పాటలు కట్టారు. సహకార శాఖలో ఉద్యోగం చేసుకుంటూనే సభల్లో పాడారు. గజ్జె కట్టి, అడుగు వేసి పాడతారు. పాడుతూంటే ఆ మనిషిలో బాగోతపు రంగస్థలం కనిపిస్తుంది. "రేల పూతలు", "అలసేంద్రవంక" అని పుస్తకాలకు పేర్లు పెట్టడంలోనూ ఆ చెట్టూ చేమా వాసనే.

ఆయన పేరు యింటింటికీ తెలిసింది 2002లో వచ్చిన "కుబుసం" చిత్రంలోని "పల్లె కన్నీరు పెడుతుందో" అన్న పాటతో. ప్రపంచీకరణ వచ్చి పల్లెలో చేతివృత్తులు ఒకదాని వెనుక ఒకటి ఎలా చితికిపోయాయో చెప్పిన పాట అది. అర్థశాస్త్రం అధ్యాపకులు గంటసేపు చెప్పే సంగతి. అయితే యీ పాటలో గణాంకాలు లేవు, ఊళ్ళోని మనుషులున్నారు. హైదరాబాదు గల్లీల్లోని బీదవారి మీద కూడా ఆయన పాట కట్టారు. మా వీధిలో ఆ పాట సెల్‌ఫోనులో మోగినప్పుడల్లా ఎవరో ఒకరు పనిచేస్తూ గొంతు కలుపుతారు.

ఇక్కడ కొంచెం సముద్రం దాటి రావాలి. ఐర్లండు, స్కాట్లండు, వేల్సు మొదలైన చోట్ల బతికి వున్న సంగీతాన్ని కెల్టిక్ సంగీతం అంటారు. ఐర్లండులో హార్ప్ అనే తంత్రీవాద్యం మీద ప్రభువులను కీర్తిస్తూ ఊరూరా తిరిగే గాయకులుండేవారు. వారిలో పెద్దపేరు టర్లో ఓ'కెరోలన్‌ది (1670–1738). పద్ధెనిమిదో యేట మశూచికం వచ్చి కళ్ళు పోయాయి. ఆదరించిన యింటావిడ హార్ప్ నేర్పించి, ఒక గుర్రాన్నీ, దారి చూపే మనిషినీ యిచ్చి పంపింది. ఒక భూస్వామి ఆయన వాయిద్యం విని, వాయించడం కంటే స్వయంగా కట్టడం నీకు బాగా వస్తుందేమో ప్రయత్నించమన్నాడట. ఎంత మంచి విమర్శ! దెబ్బా వుంది, దారీ వుంది. కెరోలన్ రెండువందలకు పైగా వరసలు కట్టాడు. ఆయన వరస ముందు కట్టి, మాటలు తరువాత అల్లేవాడని చెబుతారు.

వరస ముందు, మాట తరువాత అన్నది మనకు కొత్త కాదు. సుద్దాల హనుమంతుగారు తెలంగాణ పోరాటకాలంలో చేసిందదే. జనం నోట ఆడుతున్న వరసలు తీసుకుని, వాటిలో వెట్టిచాకిరీ గోడు పోశారు. వరస పాతది గనుక ఒకసారి వింటే చాలు, నోటికి వచ్చేసేది; మాట కొత్తది గనుక దొరలకు నిద్ర పట్టేది కాదు. 1979లో తీసిన "మా భూమి" చిత్రం ఆయన పాటను పట్నానికి వినిపించింది. కుమారుడు అశోక్ తేజగారు బడిపంతులుగా వుండి సినిమా పాటలోకి వచ్చి 2003 సంవత్సరానికి జాతీయ పురస్కారం అందుకున్నారు.

అక్కడి హార్ప్‌కు మన కిన్నెర చుట్టం కాకపోయినా, కష్టం ఒకటే. పన్నెండు మెట్ల కిన్నెర మోగించే దర్శనం మొగులయ్యగారిదీ నాగర్‌కర్నూలు ప్రాంతమే. వెదురు కర్ర, ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లను అతికించడానికి మైనం, మీద తీగెలు. అంతే సరంజామా. దాని మీద పండుగ సాయన్న వంటి వీరుల కథలు వినిపిస్తారు. 2021లో "భీమ్లా నాయక్" సినిమా పాటలో ఆ గొంతు వినపడింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. తరువాత రెండేళ్ళకే ఆయన కూలిపని చేస్తున్నారని పత్రికలు రాశాయి. ఐర్లండువారు హార్ప్‌ను తమ రాజచిహ్నంగా చేసుకున్నారు గాని, అంతకుముందు దాన్ని చేజేతులా పోగొట్టుకోబోయారు. 1792లో బెల్‌ఫాస్టులో హార్ప్ వాద్యకారులను పిలిపిస్తే, వచ్చినవారు పదిమంది ఐర్లండువారు, వేల్సునుంచి ఒకరు. ఎడ్వర్డ్ బంటింగ్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు పక్కన కూర్చుని వరసలన్నీ రాసుకున్నాడు. ఆ రాతలు లేకపోతే యీనాడు కెల్టిక్ సంగీతమని మనం వినే దానిలో చాలా భాగం వుండేది కాదు.

మనకు ఆ పని చేసినవారిలో ముందుగా చెప్పుకోవలసిన వ్యక్తి బిరుదురాజు రామరాజుగారు. తెలుగు జానపద గేయాల మీద పరిశోధనకు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు 1956లో డాక్టరేటు యిచ్చింది. ఆరోజుల్లో నాట్ల పాటల మీద డాక్టరేటేమిటని నవ్వినవారు వుండే వుంటారు. ఎందుకంటే యిప్పటికీ నవ్వేవారున్నారు. 2021 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం "వల్లంకి తాళం" అనే వెంకన్నగారి గ్రంథానికి వచ్చినప్పుడు, ఒక పండితమిత్రుడు నాతో, "పాటకు గొంతు తీసేస్తే కాగితం మీద ఏం మిగులుతుందండీ?" అన్నాడు. పోతన పద్యాన్ని రాగం తీయకుండా చదివి పిల్లవాడికి పాఠం చెప్పగలరా అని అడిగాను. ఆయన కాఫీ కలపమని లోపలికి కేకేశాడు.

ఆ ప్రశ్న పండితులకు కాలక్షేపం గాని, నా క్లాసులో కూర్చునే పిల్లలకు కాదు. వాళ్ళలో సగంమంది తల్లులు పనిమనుషులు, తండ్రులు మేస్త్రీలు. తమ యింట్లో పాడేది సాహిత్యం కాదనీ, పుస్తకంలో వున్నదే సాహిత్యమనీ నమ్మి వస్తారు. పుస్తకంలో వున్నది వాళ్ళకు అర్థం కాదు. అర్థమైనదేమో సాహిత్యం కాదు! ఇక తెలుగంటే ఏం మిగిలింది? అకాడమీ పురస్కారం సంగతి చెప్పి, వెంకన్నగారి తండ్రి ఏం చేసేవారో చెప్పిననాడు వెనుక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, మా నాయనమ్మకు బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు మస్తు వస్తయి. రాసుకొస్తే మార్కులేస్తరా?" అంది. క్లాసంతా నవ్వింది. వేస్తానన్నాను.

రాసుకురావడం తేలిక కాదని వారంలోనే తెలిసింది. ఆ ముసలమ్మ ఊరికే కూర్చుని పాడమంటే పాడదు. "చేతుల పని లేకుంట పాట ఎట్లొస్తది బిడ్డా!" అంటుందట. పొలం లేదు, నాటు లేదు, బోరబండలో ఒంటిగది. చివరికి మనుమరాలు కిలో శనగలు తెచ్చి చాటలో పోసి, ఏరమని యిచ్చి, ఫోను పక్కన పెట్టింది. శనగలు అయిపోయేసరికి నాలుగు పాటలు వచ్చాయి. ఆ మరుసటి ఆదివారం బియ్యంలో రాళ్ళు ఏరించి మూడు. ఒక పాటలో నడుమ ఒక చరణం ముసలమ్మకు గుర్తుకు రాలేదు. ఆమె తోడికోడలు ఒకావిడ అచ్చంపేట దగ్గర వుందట, ఆవిడకు వచ్చునట. సంక్రాంతి సెలవులకు వెళ్ళి తెస్తానని ఆ పిల్ల నోటుపుస్తకంలో నాలుగు పంక్తులు ఖాళీ వదిలింది.